తూటా లెక్క తెలిసిన వీరుడు – అల్లూరి సీతారామరాజు

మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి చదువుకున్నాం. ఆగస్టు 15న ఏకపాత్రాభినయం అనగానే మన హాస్టల్ పిల్లలు ముందుగా అడిగేది ఆయన వేషమే. కాషాయ వస్త్రం, భుజాన విల్లంబులు, మెడలో రుద్రాక్షలు ఉంటే చాలు, ఎవరి వేషమో చెప్పనక్కర్లేదు. 1974లో కృష్ణ నటించిన సినిమా టీవీలో వచ్చిందంటే స్టడీ అవర్ అని కూడా మరచిపోయి కూర్చునేవాళ్ళం.

సినిమాలో తుపాకి పేలుతూనే ఉంటుంది. ఆ తూటాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎన్ని ఉన్నాయి? అయిపోతే ఏం చేశారు? ఈ ప్రశ్నలు మనం ఎప్పుడూ వేసుకోలేదు. ఈ వార్షికోత్సవ సంచిక కోసం మేము ఆయన జీవితాన్ని ఈ ప్రశ్నలతోనే మరోసారి చదివాం. చదివాక మాకు ఒక సంగతి బోధపడింది. 1922 నుంచి 1924 వరకు సాగిన మన్యం పోరాటం ధైర్యం మీద ఎంత నడిచిందో, తూటాల లెక్క మీద కూడా అంతే నడిచింది. ఆ లెక్క రాజుకు తెలుసు. తెల్లవాడికీ తెలుసు. ఆ సంగతిని మా తమ్ముళ్ళతో, మా కంటే ముందు ఈ హాస్టల్‌లో చదివి వెళ్ళిన అన్నలతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

పుట్టుక – చదువు

సీతారామరాజు 1897 జూలై 4న పాండ్రంగి గ్రామంలో పుట్టారు. అది ఆయన తల్లి సూర్యనారాయణమ్మ గారి పుట్టిల్లు. పాండ్రంగి మన నెల్లిమర్లకు పరాయి ఊరేమీ కాదు. విజయనగరం వెళ్ళి, అక్కడి నుంచి పద్మనాభం మీదుగా భీమిలి వైపు వెళితే ఆ ఊరు వస్తుంది. పద్మనాభం అనగానే మనకు 1794 నాటి యుద్ధం గుర్తుకు వస్తుంది. విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణాలు విడిచిన నేల అది. ఆ యుద్ధం జరిగిన 103 ఏళ్ళకు అదే నేల మీద మరో వీరుడు పుట్టాడని చెప్పుకోవడం మన జిల్లాల వాళ్ళందరికీ గర్వకారణం.

తండ్రి వెంకటరామరాజు గారి స్వస్థలం భీమవరం దగ్గర మోగల్లు. రాజమండ్రిలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసేవారు. రాజు చిన్నతనంలోనే ఆయన చనిపోయారు. ఆ తర్వాత ఆ కుటుంబానికి ఒక చోట నిలకడ లేకుండా పోయింది. పినతండ్రి రామకృష్ణరాజు గారి ఆదరణలో రాజు నర్సాపురం, కాకినాడ, తుని, విశాఖపట్నం ఇలా ఊళ్ళు మారుతూ, బడులు మారుతూ చదివారు. పై చదువు పూర్తి కాలేదు. తండ్రి లేక, బంధువుల ఇళ్ళలో ఉంటూ చదువుకోవడం అంటే ఏమిటో మనలో చాలామందికి ఎవరూ వివరించనక్కర్లేదు.

చదువు ఆగినా ఆయన నేర్చుకోవడం ఆపలేదు. గుర్రపు స్వారీ, జ్యోతిషం, మూలికా వైద్యం నేర్చుకున్నారు. 1916లో ఉత్తర దేశ యాత్రకు వెళ్ళారు. 1917లో కృష్ణదేవిపేట చేరి అక్కడే స్థిరపడ్డారు. తపస్సు చేసుకునే సాధువుగా, మందులిచ్చే వైద్యుడిగా మన్యం ప్రజలకు దగ్గరయ్యారు. ఆయన క్షత్రియ కుటుంబంలో పుట్టినవాడు. కొండవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ మాట విని, వాళ్ళలో ఒకడిగా మెలిగారు. పోరాటానికి ముందు గడిచిన ఈ ఐదేళ్ళ కాలమే ఆ తర్వాత రెండేళ్ళ పోరాటానికి పునాది అని మేము భావిస్తున్నాం.

మన్యం కష్టాలు

1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాళ్ళకు అడవి పరాయిదైపోయింది. పోడు కొట్టుకుంటే కేసు, కట్టెలు తెచ్చుకుంటే జరిమానా, పశువులను తోలితే పన్ను. అంతకు ముందే 1879లో చిగురు పన్ను మీద, ముఠాదారు ఆగడాల మీద రంప ప్రాంతం తిరగబడింది. అప్పట్లో ఆ తిరుగుబాట్లను ఫితూరీలు అనేవారు. కాబట్టి తిరుగుబాటు అనేది మన్యానికి రాజు తెచ్చిన కొత్త మాట కాదు.

రాజు కాలానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ అనే అధికారి పెత్తనం చేసేవాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటీ మీదుగా రోడ్డు వేయించడానికి కొండవాళ్ళతో వెట్టి చేయించాడు. సరైన కూలి లేదు. ఎదురు చెబితే దెబ్బలు. గాం గంటం దొర, గాం మల్లు దొర అనే అన్నదమ్ములు అతని వల్ల ఉద్యోగం, భూమి పోగొట్టుకున్నారు. అర్జీలు పెట్టారు. ఎవరూ పట్టించుకోలేదు.

రాజు మొదట సహాయ నిరాకరణ పద్ధతిలోనే పనిచేశారు. సారా మానమన్నారు, ఖద్దరు కట్టమన్నారు, తగవులను ఊళ్ళోనే పంచాయతీలో తీర్చుకోమన్నారు. ఇదే ప్రభుత్వానికి అనుమానం తెప్పించింది. కొంతకాలం ఆయనను నిఘాలో ఉంచారు. శాంతంగా చేసే పనిని కూడా నేరంగా చూస్తున్నారని తెలిశాక ఆయన ఆయుధం పట్టడానికి నిర్ణయించుకున్నారు. అప్పుడు వచ్చింది అసలు ప్రశ్న. ఆయుధాలు ఎక్కడివి?

కొండవాళ్ళ చేతిలో ఉన్నవి

మన్యం మనుషులకు వేట కొత్త కాదు. చైత్రమాసంలో ఇటుకల పండగ వస్తే ఊళ్ళోని మగవాళ్ళందరూ వేటకు వెళ్ళడం అక్కడి ఆచారం. వాళ్ళ ప్రధాన ఆయుధం విల్లంబులు. వెదురు అడవిలో ఉంటుంది, నార అడవిలో ఉంటుంది, ములుకు కమ్మరి కొట్టి ఇస్తాడు. బాణం అయిపోతే ఇంకోటి చెక్కుకోవచ్చు. చప్పుడు రాదు. అందుకే విలువిద్యలో గోకిరి ఎర్రేసు వంటి వాళ్ళకు రాజు దళంలో పెద్ద పేరు ఉండేది.

రెండోది నాటు తుపాకి. గొట్టం మూతి లోంచి మందు పోయాలి. దాని మీద గుడ్డపీలిక పెట్టి కడ్డీతో దట్టించాలి. తర్వాత గుండు వేసి మళ్ళీ దట్టించాలి. వెనక కేపు పెట్టి అప్పుడు కాల్చాలి. ఒక్క దెబ్బకు ఇంత పని. మన్యంలో వాన కురిసిందంటే మందు చెమ్మగిల్లుతుంది. చెమ్మగిల్లిన మందు చీదేస్తుంది గాని పేలదు. ఎదురుగా ఉన్నది కుందేలు అయితే పారిపోతుంది, అంతే. ఎదురుగా ఉన్నది పోలీసు అయితే ప్రాణం పోతుంది. పైగా 1878 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి, మందు దగ్గర పెట్టుకోవడం నేరం.

ఇదే కాలంలో బయటి ప్రపంచంలో తుపాకి ఎంత దూరం వెళ్ళిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అమెరికాలో జాన్ బ్రౌనింగ్ అనే మేధావి తయారు చేసిన సెమీ ఆటోమేటిక్ వేట రైఫిల్‌ను రెమింగ్టన్ కంపెనీ 1906 నుంచే అమ్ముతోంది. దానిలో ఐదు తూటాలు పట్టే పెట్టె ఉంటుంది. దాన్నే మ్యాగజైన్ అంటారు. మీట నొక్కితే తూటా పేలుతుంది. ఆ పేలుడు అదురుకే ఖాళీ గుల్ల బయటికి ఎగిరిపోతుంది. కింద ఉన్న స్ప్రింగు తర్వాతి తూటాను పైకి తోస్తుంది, అది గొట్టంలోకి వెళ్ళి కూర్చుంటుంది. వేటగాడు మళ్ళీ మీట నొక్కడమే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. తూటా పొడవు కొంచెం తేడా ఉన్నా, మ్యాగజైన్ పెదవి వంగినా, స్ప్రింగు నీరసించినా, లోపల మట్టి చేరినా, మందు చెమ్మగిల్లి అదురు తగ్గినా తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. అప్పుడు ఎంత ఖరీదైన రైఫిలైనా కర్రతో సమానం. తుపాకి ఎంత గొప్పదైతే దానికి సరిపోయే తూటా కోసం అంతగా కర్మాగారం మీద, దుకాణం మీద ఆధారపడాలి. బాణం అడవిలో దొరుకుతుంది. తూటా అడవిలో దొరకదు. రాజు పోరాటం అర్థం కావాలంటే ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలి.

తెల్లదొరలు ఈ సంగతిని ఎంత బాగా ఎరుగుదురో ఒక ఉదాహరణ చెబుతాం. బ్రిటిష్ సైన్యానికి పది తూటాలు పట్టే పాయింట్ 303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఉండేది. దాన్నే బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో మార్చి భారతీయ పోలీసులు, కాపలాదారుల కోసం పాయింట్ 410 మస్కెట్‌గా తయారు చేసేవారు. మ్యాగజైన్ ఉండే చోట చెక్కముక్క పెట్టి మూసేసేవారు. ఒక్కసారి ఒక్క తూటా మాత్రమే పెట్టి కాల్చాలి. సైన్యం తూటా అందులో పనికిరాదు, దాని తూటా సైన్యం తుపాకిలో పనికిరాదు. అంటే తమ జీతం తీసుకునే దేశీయ పోలీసును కూడా దొరలు పూర్తిగా నమ్మలేదన్నమాట. ఆ తుపాకి రేపు ఎవరి చేతిలోకి వెళ్ళినా నష్టం తక్కువగా ఉండాలని ముందే లెక్క వేసుకున్నారు.

మూడు రోజులు – మూడు స్టేషన్లు

ఆయుధాలు కొనడానికి డబ్బు లేదు, తయారు చేయడానికి కర్మాగారం లేదు. కాబట్టి ప్రభుత్వం దాచుకున్న చోటి నుంచే తీసుకోవాలని రాజు నిర్ణయించారు. 1922 ఆగస్టు 22న సుమారు 300 మందితో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేశారు. 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు, 14 బాయ్‌నెట్లు దొరికాయి. మరునాడు కృష్ణదేవిపేట స్టేషన్. అక్కడ 7 తుపాకులు. ఆ మరునాడు, ఆగస్టు 24న, రాజవొమ్మంగి స్టేషన్. అక్కడ 8 తుపాకులు, 825 తూటాలు. ఆ స్టేషన్‌లో బందీగా ఉన్న వీరయ్య దొరను కూడా విడిపించారు.

ఈ దాడుల్లో మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది ఒక సంగతి. స్టేషన్‌లో ఏమేమి తీసుకున్నారో రాజు రికార్డు పుస్తకంలో రాసి, సంతకం పెట్టి వెళ్ళారు. దొంగ లెక్క రాసి పెట్టడు. ఇది దొంగతనం కాదు, బహిరంగంగా చేస్తున్న యుద్ధం అని చెప్పడానికే ఆయన అలా చేశారు. ఆ తర్వాత కూడా ముందుగా కబురు పంపి దాడి చేయడం ఆయనకు అలవాటైంది. మిరపకాయ టపా అని జనం చెప్పుకునేది దాన్నే.

ఇప్పుడు మన లెక్కల పీరియడ్‌లో చేసినట్టు ఒక చిన్న లెక్క చేద్దాం. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, దాదాపు 2500 తూటాలు. ఒక్కో తుపాకికి వంద తూటాలు కూడా రావు. మూడు వందల మందిలో తుపాకి దక్కేది పదిమందికి ఒకరికైనా కాదు. సైన్యంలో సిపాయికి తూటాలు అయిపోతే వెనక నుంచి బండ్ల మీద మళ్ళీ వస్తాయి. రాజు దళానికి వెనక నుంచి వచ్చేది ఏమీ లేదు. పేలిన ప్రతి తూటా శాశ్వతంగా తరిగిపోయినట్టే. ఆ 2500 తూటాలే మొత్తం పోరాటానికి మూలధనం.

దామనపల్లి ఘాటీ

ఇంత తక్కువ మందుగుండుతో యుద్ధం చేయాలంటే ఎలా? దానికి జవాబు 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాటీలో దొరికింది. రాజును పట్టుకోవడానికి స్కాట్ కవర్డ్, నెవిల్ హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు పోలీసు బలగంతో బయలుదేరారు. కొండదారి ఇరుకు. ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. రాజు మనుషులు పైన చెట్ల మాటున కదలకుండా కూర్చున్నారు. ముందు నడుస్తున్న దేశీయ పోలీసులను పోనిచ్చారు. దొరలు ఎదురుగా వచ్చాక కాల్చారు. కవర్డ్, హైటర్ ఇద్దరూ అక్కడే మరణించారు. మిగిలిన బలగం వెనక్కి పరుగు తీసింది.

భారతీయుడి మీద గుండు పేల్చకూడదన్నది రాజు పెట్టుకున్న నియమం. అది ఆయన దయాగుణానికి, దేశభక్తికి నిదర్శనం అని అందరూ రాస్తారు. అది నిజం. దానితో పాటు మాకు ఇంకొకటి కూడా అనిపిస్తుంది. ఎదురైన ప్రతి పోలీసు మీదా కాలుస్తూ పోతే ఆ కొద్ది తూటాలు ఎన్ని రోజులు వస్తాయి? ఎవరి మీద కాల్చకూడదో ముందే తెలిసినవాడికే తూటా మిగులుతుంది. ధర్మమూ లెక్కా ఇక్కడ ఒకే దారిలో నడిచాయి.

అప్పటికి రాజు శరీరానికి గుండు తగలదని మన్యంలో నమ్మకం పుట్టింది. ఆ నమ్మకం మనుషులకు బలాన్నిచ్చింది. చెట్టును, రాయిని, చీకటిని చాటు చేసుకోవడం తెలిసిన నాయకుడికి గుండు తగలడం నిజంగానే కష్టం. మంత్రం కంటే ఆ మెలకువే ఆయనను కాపాడిందని మనం అనుకోవచ్చు.

ఖాళీ స్టేషన్లు

రాజు బలం ఎక్కడ ఉందో ప్రభుత్వం త్వరగానే కనిపెట్టింది. ఆయనకు తుపాకులు వచ్చేది స్టేషన్ల నుంచి. కాబట్టి మన్యం స్టేషన్లలో తుపాకులు, తూటాలు లేకుండా చేసింది. 1922 అక్టోబర్ 15న రాజు అడ్డతీగల స్టేషన్‌కు వెళ్ళేసరికి అక్కడి ఆయుధాలు అప్పటికే తరలిపోయాయి. నాలుగు రోజుల తర్వాత అక్టోబర్ 19న రంపచోడవరంలోనూ అదే పరిస్థితి. ప్రజలు ఘనంగా స్వాగతం పలికారు, దండాలు పెట్టారు. తూటాలు మాత్రం దొరకలేదు.

పుస్తకాల్లో ఈ రెండు దాడులను కూడా విజయాలుగానే చెబుతారు. ముందే చెప్పి వచ్చి, పట్టపగలు స్టేషన్‌లో అడుగుపెట్టి వెళ్ళిపోవడం ప్రభుత్వానికి అవమానమే. అయినా తూటాల లెక్కలో చూస్తే పోరాటం మలుపు తిరిగింది ఇక్కడే అని మేము అనుకుంటున్నాం. ఆగస్టులో మూడు రోజుల్లో 26 తుపాకులు వచ్చాయి. అక్టోబర్ తర్వాత ఆ దారి మూసుకుపోయింది.

ఆ తర్వాత మలబారు స్పెషల్ పోలీసు దళాలను దింపారు. 1922 డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం దగ్గర, ఆ రాత్రి మరో చోట జరిగిన పోరాటాల్లో రాజు అనుచరులు పదిమందికి పైగా నేలకొరిగారు. కొన్ని తుపాకులు, తూటాలు పోలీసుల వశమయ్యాయి. ఎంతో కష్టపడి తెచ్చుకున్నవి తిరిగి శత్రువు చేతికే చేరాయి. తర్వాత నాలుగు నెలలు రాజు ఎవరికీ కనబడలేదు. ఆయన చనిపోయాడని కూడా పుకారు పుట్టింది.

1923 ఏప్రిల్ 17న ఆయన అన్నవరంలో ప్రత్యక్షమయ్యారు. కొండ మీద సత్యనారాయణ స్వామిని దర్శించుకున్నారు. జనం కానుకలు, నీరాజనాలు ఇచ్చారు. అక్కడి స్టేషన్‌లోనూ ఆయుధాలు దొరకలేదు. ఆయనను ఆదరించారన్న కోపంతో ప్రభుత్వం ఆ ఊరి మీద జరిమానా పన్ను వేసింది. ప్రభుత్వం రెండో ఎత్తు ఇదే. ముందు తూటా ఆపింది. తర్వాత అన్నం ఆపింది. రాజు మనుషులకు తిండి పెట్టినవాడి ఇల్లు సోదా చేయడం, కబురు మోసినవాడిని కొట్టడం, ఊళ్ళ మీద పన్నులు వేయడం మన్యమంతటా జరిగాయి. రాజు తలకు పదివేల రూపాయల వెల కట్టారు. ఆ రోజుల్లో పదివేలంటే ఒక కొండ పల్లె మొత్తం ఎన్నడూ చూడని సొమ్ము. అయినా రెండేళ్ళ పాటు ఆయనను దాచింది ఆ పల్లెలే.

చివరి రోజులు

1923 సెప్టెంబర్‌లో గాం మల్లు దొర పట్టుబడ్డాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దళాలు మన్యంలో దిగాయి. కొండల్లో, అడవుల్లో తిరగడం అలవాటైన సైన్యం అది. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ అనే అధికారిని ప్రత్యేక కమిషనర్‌గా వేశారు. ఆయన వచ్చాక ఊళ్ళ మీద ఒత్తిడి ఇంకా పెరిగింది. మే 6న రాజు దళంలోని సాహసి అగ్గిరాజు గాయపడి పట్టుబడ్డాడు.

1924 మే 7న మంప దగ్గర రాజు పట్టుబడ్డారు. అక్కడి నుంచి కొయ్యూరు తీసుకువెళ్ళారు. మేజర్ గుడాల్ అనే అధికారి ఆయనను చెట్టుకు కట్టించి కాల్పించాడు. కోర్టు లేదు, విచారణ లేదు, సాక్ష్యం లేదు. చట్టం పేరు చెప్పి అడవిని లాక్కున్న ప్రభుత్వం తన చట్టాన్ని తానే పక్కన పెట్టింది. అప్పటికి రాజుకు 27 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన భౌతికకాయానికి కృష్ణదేవిపేటలో అంత్యక్రియలు జరిగాయి. అక్కడ ఆయన సమాధి ఉంది.

ఈ పోరాటాన్ని అణచడానికి ప్రభుత్వానికి దాదాపు 40 లక్షల రూపాయలు ఖర్చయిందని చెబుతారు. 26 తుపాకులతో మొదలైన దళం కోసం ఇంత ఖర్చు! రాజు ఓడిపోయాడని ఎవరైనా అంటే మనం ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.

ఆయన వెంట నడిచినవారు

రాజు విగ్రహానికి దండ వేసేటప్పుడు మనం మరచిపోకూడనివారు కొందరున్నారు. గాం గంటం దొర రాజు మరణం తర్వాత కూడా లొంగలేదు. 1924 జూన్ 7న పోరాడుతూ చనిపోయాడు. అగ్గిరాజును అండమాన్ పంపారు. మల్లు దొర కూడా అండమాన్ శిక్ష అనుభవించి, 1937లో విడుదలై వచ్చాడు. 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఏ ప్రభుత్వం తనను ఖైదీగా ఉంచిందో అది పోయాక, ఆ మనిషే దేశ పార్లమెంటులో కూర్చున్నాడు. ఇంతకంటే గొప్ప జవాబు ఇంకేముంటుంది?

వీళ్ళు కాక పేర్లు కూడా మిగలని వందలమంది ఉన్నారు. అంబలి వండి అడవిలోకి పంపిన అమ్మలు, కొండ మీంచి కబురు తెచ్చిన కుర్రాళ్ళు, దెబ్బలు తిని కూడా నోరు విప్పని ముసలివాళ్ళు. తుపాకిలో తూటా కనిపించదు, పేలాకనే తెలుస్తుంది. పోరాటంలో వీళ్ళూ అంతే. వీళ్ళు ఉన్నంత కాలం రాజు పోరాటం నడిచింది.

మనం నేర్చుకోవలసింది

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అదే ఏడాది ఆయన 125వ జయంతి సందర్భంగా జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం పెట్టారు. చింతపల్లి, కొయ్యూరు ఇప్పుడు ఆయన పేరున్న జిల్లాలోనే ఉన్నాయి. ఒకప్పుడు ఆయన పేరు పలికితే సోదా చేసిన ఊళ్ళకు ఇప్పుడు ఆయన పేరే చిరునామా అయింది. ఇది సంతోషించవలసిన విషయం.

ఆయన తుపాకి పట్టింది పరాయి పాలనలో, అర్జీ పెట్టినా ఎవరూ పట్టించుకోని కాలంలో. మనకు రాజ్యాంగం ఉంది, ఓటు ఉంది, కోర్టు ఉంది, సమాచార హక్కు ఉంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. వేట కూడా 1972 వన్యప్రాణి చట్టంతో నేరమైంది. కాబట్టి తమ్ముళ్ళూ, ఆయన తుపాకిని కాదు మనం తీసుకోవలసింది, ఆయన లెక్కను. తన దగ్గర ఎంత ఉందో ఆయనకు తెలుసు. అది ఎంత దూరం వస్తుందో తెలుసు. ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలుసు. తీసుకున్నది రాసి సంతకం పెట్టే నిజాయితీ ఉంది.

మన దగ్గర ఉన్నవీ తక్కువే. నెలకు వచ్చే కాస్మెటిక్ ఛార్జీలు, ఇంటి నుంచి వచ్చే కొద్ది డబ్బులు, ఉదయం సాయంత్రం స్టడీ అవర్లు, పరీక్షలకు ముందు మిగిలిన రోజులు. జ్యూట్ మిల్లు షిఫ్టులకు వెళ్ళే తండ్రి, పొలం కూలికి వెళ్ళే తల్లి పంపిన పది రూపాయల విలువ ఎంతో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎదురైన ప్రతిదాని మీదా వాటిని పేల్చేస్తే చివరికి ఖాళీ గొట్టం మిగులుతుంది. గురి చూసుకుని వాడితే ఆ కొద్దితోనే డిగ్రీ వస్తుంది, ఉద్యోగం వస్తుంది, ఇంటికి వెలుగు వస్తుంది. మన హాస్టల్ నుంచి వెళ్ళి టీచర్లు, కానిస్టేబుళ్ళు, నర్సులు, ఇంజనీర్లు అయిన అన్నలు, అక్కలు అందుకు సాక్ష్యం.

ఇంకొక్క మాట. రాజుకు చివరికి తక్కువైంది ధైర్యం కాదు, వెనక నుంచి అందే సాయం. ఆ సాయం చేయగలిగిన స్థితిలో ఉన్న పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఇది. మీరు ఈ హాస్టల్ గడప దాటి వెళ్ళారు గాని, లోపల ఇంకా చదువుతున్న పిల్లలు ఉన్నారు. ఒక పాత పుస్తకం, ఒక ఫీజు, ఒక ఉద్యోగ ప్రకటన కబురు, ఏది పంపినా అది సరైన సమయంలో అందిన తూటాయే. ఈ ఏడాది జూలై 4 నాటికి మన గ్రంథాలయ బీరువాలో మన్యం పోరాటం పుస్తకాలకు ఒక అర ఏర్పాటు చేయాలని, వీలైతే అందరం కలిసి పాండ్రంగి, కృష్ణదేవిపేట చూసి రావాలని మేము అనుకుంటున్నాం. దానికి పెద్దలందరి సహకారం కోరుతూ, ఆ మన్యం వీరునికి, ఆయన వెంట నడిచిన పేరు తెలియని గిరిజన వీరులందరికీ మన హాస్టల్ విద్యార్థుల తరఫున జోహార్లు అర్పిస్తున్నాం.